గజ్జెల సంఘం, మా బాపు పిడికిలి

మొన్న ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న కనబడింది. అడిగినాయన ధూల్‌పేట్‌లో గుడిగంటలు పోత పోస్తాడు. ఇంకా సభ్యుడు కాలేదు, ఎవరో తొందరపడి ముందే గ్రూపులో చేర్చారు. "అక్కా, సంఘంల చేరితె నాకేమొస్తది? సీదా చెప్పు" అని నన్నే అడిగాడు. ఏమేమి వస్తాయో చెప్పడానికి మా దగ్గర ఒక అచ్చేసిన కాగితం ఉంది. రాగీ తగరమూ అందరం కలిసి కొనుక్కోవచ్చు, సర్కారు ఆఫీసు నుంచి నోటీసు వస్తే అందరి తరఫున ఒకరు వెళ్లి మాట్లాడతారు, ఎగ్జిబిషన్‌లో స్టాలు దొరుకుతుంది, గ్యాస్ కొలిమి పని నేర్పిస్తారు, ఇట్లా వరసగా ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పంపితే పనైపోయేది. రెండుసార్లు తీశాను, రెండుసార్లూ పంపలేదు. పన్నెండేళ్ల కింద అదే కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, నాలుగు మడతలు పెట్టి, కొలిమి దగ్గర విసురుకోవడానికి వాడుకున్న మనిషి మా బాపు. అట్లాంటి మనిషిని కదిలించింది ఆ కాగితం కాదు. ఏం కదిలించిందో చెప్పాలంటే ఫోన్‌లో బొటనవేలితో అయ్యే పని కాదనిపించి, ఇట్లా రాసుకుంటూ కూర్చున్నాను.

మా కార్ఖానా పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో ఉంది. ఆటో లోపలికి రాదు, వచ్చినా తిరిగి వెళ్లాలంటే వెనక్కే నడపాలి. మేం చేసేది గజ్జెలు, నాట్యం చేసేవాళ్లు కాలికి కట్టుకునేవి. చూడటానికి రేగుపండంత ఉంటుంది కానీ, ఒక్కో గజ్జె వెనక నాలుగు రోజుల పని. చిన్న మట్టి ఉండలో ఇనుప గుండు పెట్టాలి, దాని చుట్టూ మైనం చుట్టాలి, మైనం మీద మళ్లీ మట్టి పూయాలి, కాల్చాలి. మైనం కరిగి పోయిన చోటులోకి లోహం పోస్తే, చల్లారాక లోపలి మట్టి రాల్చేసినప్పుడు గుండు ఒక్కటే లోపల మిగిలి ఘల్లుమంటుంది. ఆ తర్వాత చింతపండు నీళ్లలో తోమడం, తాళ్లకు అల్లడం. నేను పెళ్లయి పక్క గల్లీకే వెళ్లాను కాబట్టి అల్లే పని ఎన్నడూ మానలేదు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు చింతపండు వాసన పట్టి పులుసు కాస్తున్నానా అని అడిగేవాళ్లు. వాళ్లకు తెలియక వంటింట్లోకి తొంగి చూసేవాళ్లు కూడా.

మా బాపు గజ్జె అంటే నగరంలో పేరు. అందరి గజ్జెలూ మోగుతాయి, ఆయనది మోగాక ఒక క్షణం నిలబడుతుంది. ఆ నిలబడటం అంతా కరిగిన లోహంలో చివరగా వేసే తగరం మీద ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత వేస్తాడన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఆ సమయం రాగానే పనివాళ్లను బయటికి పంపేవాడు, నన్నూ పంపేవాడు. తలుపు వేసుకుని, గొళ్లెం పెట్టుకుని, లోపల గట్టిగా దగ్గేవాడు. తగరం పడ్డ చప్పుడు కూడా బయటికి వినబడకూడదని ఆ దగ్గు. ఆయనకు పోటీదారు ఒక్కరే, హుస్సేనీ ఆలంలో గజ్జెల కార్ఖానా నడిపే పెద్దమనిషి. నేను ఆయనను చాచా అని పిలుస్తాను. ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒకరి కార్ఖానా గడప ఒకరు తొక్కలేదు. చాచా గజ్జెలను మా బాపు రేకుడబ్బాలనేవాడు. బాపు గజ్జెలను చాచా ఏమనేవాడో నాకు తర్వాత ఆయనే చెప్పాడు, ఇక్కడ రాయలేను.

సంఘాన్ని మొదలుపెట్టింది చాచానే. అది చాలు, బాపు చేరకపోవడానికి. "నలుగురు కూడితె చాయ్ తాగుడు, లొల్లి పెట్టుకునుడు. గంతకంటె ఏముంటది?" అనేవాడు. కానీ ఆ ఏడు మా పరిస్థితి బాగా లేదు. ఎక్కడి నుంచో మిషన్ మీద చేసిన గజ్జెలు లారీల నిండా వస్తున్నాయి. ఇళ్ల మధ్య బొగ్గు కొలిమి పెట్టకూడదని నోటీసు వచ్చింది. బాపు దానికి జవాబు రాయలేదు, నన్ను రాయనివ్వలేదు. చలికాలం దాటాక కొలిమి ఆర్పేద్దామని మనసులో అనుకున్నాడట. మాకు చెప్పలేదు. పాత అచ్చు పెట్టెలను ఒక్కొక్కటే కడిగి ఎండబెట్టి గుడ్డ చుట్టడం చూసి నేనే గ్రహించాను. మళ్లీ వాడేవాటిని ఎవరూ అట్లా చుట్టరు.

అప్పుడు వచ్చింది టీచరమ్మ. చిన్నప్పుడు తొలి గజ్జెలు మా దగ్గరే కట్టించుకున్న ఆమె, ఇప్పుడు పెద్ద నాట్యగురువు. స్టేడియంలో ఐదు వందల మందితో ఒకేసారి నాట్యం చేయిస్తున్నానని చెప్పింది. ఒక్కో కాలికి యాభై గజ్జెలు. నేను వేళ్ల మీద లెక్క వేసి, తప్పు పోయిందనుకుని మళ్లీ వేశాను. యాభై వేలు. రెండున్నర నెలల్లో కావాలి. "అన్నీ ఒకే గొంతుతో పలకాలి బాబాయ్ గారూ. నాలుగు రకాలు కలిస్తే స్టేడియంలో గోల తప్ప తాళం వినబడదు. నాకు మీ గొంతే కావాలి" అంది. బాపు మొహం ఒక్కసారి వెలిగింది. వెంటనే ఆరిపోయింది. మేం తిండి మానేసి పోసినా పదివేలు దాటవు. తన వల్ల కాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. రెండు రోజుల్లో కబురు చేస్తానన్నాడు.

ఆమె వెళ్లగానే నాకు కాళ్లు నిలవలేదు. కూరగాయలకని చెప్పి సంచి పట్టుకుని నేరుగా హుస్సేనీ ఆలం వెళ్లాను. చాచా అరుగు మీద కూర్చుని గజ్జెలు చెవి దగ్గర పెట్టుకుని పరీక్షిస్తున్నాడు. నేనెవరో చెప్పగానే చెయ్యి ఆగిపోయింది. విషయం అంతా విన్నాక లోపలికి కేక వేసి చాయ్ తెప్పించాడు. సంఘంలో పదకొండు కార్ఖానాలున్నాయి, పంచుకుంటే యాభై వేలు అయిపోతాయన్నాడు. రాగిని సంఘం తరఫున ఒకేసారి తెప్పిస్తే అందరి లోహం ఒకటే ఉంటుందన్నాడు. చెప్తూ చెప్తూ ఆయనకూ ఉత్సాహం పట్టింది, చాయ్ సాసర్ మీద వేలితో వాటాలు గీశాడు. తర్వాత ఆగి, నా వైపు చూసి అడిగాడు: "అంతా అయితది బేటీ. లేకిన్ మీ బాపు తగరం లెక్క చెప్తడా?"

చాయ్ తాగేసి, కూరగాయలు లేని సంచితోనే ఇంటికొచ్చాను. మరుసటి పొద్దున ఆయనే మా గల్లీలోకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. బాపు లేచి నిలబడ్డాడు కానీ రమ్మనలేదు. చాచా గడప బయటే నిలబడి, తన లోపలి మట్టిలో ఏం కలుపుతాడో చెప్పడం మొదలుపెట్టాడు. కాల్చిన వడ్ల పొట్టు ఎంత, ఎన్ని రోజులు నానబెడతాడు, అందుకే తన గజ్జెలో మట్టి ఒక్క రేణువు మిగలకుండా ఎట్లా రాలుతుంది, అన్నీ. మా కార్ఖానాలో సగం రోజు ఆ మట్టి గీకడానికే పోయేది. అడగకుండానే చెప్పేశాడు, ఏమీ తిరిగి అడగలేదు. బాపు మూలన మేం గీకి పోసిన మట్టి కుప్ప వైపు చూశాడు. చివరికి, "లోపలికి రా భాయ్. రేపు పొద్దున తగరం ఏస్త, నీ సంఘపోళ్లను గూడ తోల్కరా" అన్నాడు.

మరునాడు మా చిన్న కార్ఖానాలో పదకొండు మంది యజమానులు భుజాలు రాసుకుని నిలబడ్డారు. నన్ను కూడా మొట్టమొదటిసారి లోపల ఉండనిచ్చారు. లోహం కరిగి ఎర్రగా కదులుతోంది. బాపు దగ్గలేదు. తగరం సంచిలో చెయ్యి పెట్టి, పిడికెడు పలుకులు తీసి అందరికీ చూపించాడు. ఎంత అని ఎవరో అడిగారు. "గింత" అన్నాడు. గింతంటే ఎంతని మళ్లీ అడిగారు. "గింతంటె గింతనే" అన్నాడు, ఈసారి గొంతు సన్నగా. నాకు అప్పుడు తట్టింది. ఆయన దగ్గర లెక్క లేదు. ఉన్నది చెయ్యి ఒక్కటే. ఎవరైనా నవ్వుతారేమోనని అందరి మొహాలూ చూశాను. బాపు పిడికిలి విప్పలేక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి.

చాచా నవ్వలేదు. ఒకరు తులాల కాటా తెచ్చి ఉన్నారు, దాన్ని బాపు ముందు పెట్టి పిడికిలి అందులో ఖాళీ చేయమన్నాడు. మళ్లీ తీయమన్నాడు, మళ్లీ తూచాడు. ఐదుసార్లు తీశాడు బాపు, కళ్లు కాటా వైపు తిప్పకుండా. ఐదుసార్లూ అంకె దాదాపు ఒకటే, తేడా వస్తే ఒక చిన్న పలుకంత. అప్పుడు చాచా, "ముప్పై ఏండ్ల సంది నీ లెక్క ఎట్లన్న పట్టుకుందామని చూస్తున్న అన్నా. నా మనిషిని నీ దగ్గర పనికి గూడ పెట్టిన. గీ చెయ్యిని ఎట్ల ఎత్కపోవాలె?" అన్నాడు. ఎవరా మనిషని బాపు అడిగాడు. చాచా పేరు చెప్పాడు. మూడేళ్లు మా ఇంట్లో భోజనం చేసిన మనిషి. బాపు పగలబడి నవ్వాడు. కరిగిన లోహం చల్లారిపోతోందని నేను గుర్తు చేయాల్సి వచ్చింది. ఆ అంకెను గోడ మీద బొగ్గుతో రాసింది నేనే, అవుతుందని టీచరమ్మకు కబురు చేసిందీ నేనే. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ బాపు నాతో మాత్రమే అన్న మాట ఒకటుంది. "ఎవడన్న దొంగిలిస్తడని కాదు బిడ్డా తలుపు ఏసుకున్నది. అడిగితె నాకు చెప్పనీకి రాదు కద, గదీ భయం."

ఇక చూడాలి ఆ రెండు నెలలు. పదకొండు కొలిములకు మాది కలిసి పన్నెండు. పొద్దున్నే పురానాపూల్ నుంచి హుస్సేనీ ఆలం దాకా స్కూటర్ల మీద అచ్చులు, మైనం, తగరం పొట్లాలు అటూ ఇటూ తిరిగేవి. రోజూ ప్రతి కార్ఖానా తొలి పోతలోంచి ఒక గజ్జె బాపు చెవి దగ్గరికి రావాలి, ఆయన తల ఊపితేనే మిగతావి. తల ఊపని రోజు ఆయనే లేచి వెళ్లేవాడు, గడప తొక్కనన్న మనిషి రోజుకు నాలుగు గడపలు తొక్కాడు. మూడో వారం వాన పడి ఒకరి కొలిమి గోడ కూలింది. అంతకు ముందైతే ఆ ఇంటివాళ్లు తలపట్టుకుని కూర్చోవాల్సిందే. ఈసారి మధ్యాహ్నం కాకముందే వాళ్ల వాటా రెండు కార్ఖానాలు తీసుకున్నాయి, సాయంత్రానికి మట్టి పిసకడానికి ఆరుగురు మనుషులు వచ్చారు. గోడ లేచే దాకా వాళ్ల పనివాళ్లు మా దగ్గర కూర్చుని తోమారు. ఆ నోటీసుకు కూడా సంఘం తరఫున చాచా వెళ్లి జవాబిచ్చి, గ్యాస్ కొలిమికి మారడానికి గడువు అడిగి తెచ్చాడు. అల్లకానికి నేను రెండు బస్తీల ఆడవాళ్లను కూడగట్టాను. మా ఇంటి డాబా మీద, చాచా వాళ్ల వాకిట్లో తాళ్లు పరిచి కూర్చునేవాళ్లం. మేం నవ్వితే కూడా ఒళ్లో గజ్జెలు కదిలి మోగేవి. నాకు అప్పుడు నలభై ఆరు. పదహారేళ్ల పిల్లలా మెట్లు ఎక్కి దిగాను.

స్టేడియం రోజు మమ్మల్ని టీచరమ్మ పైవరసల మధ్యలో కూర్చోబెట్టింది. బాపుకు ఒక పక్క నేను, ఇంకో పక్క చాచా. నాట్యం మొదలయ్యాక వినబడుతుందని మేం సర్దుకుని కూర్చున్నాం. కానీ మొదలు కాకముందే వచ్చింది ఆ చప్పుడు. కింద ద్వారంలోంచి ఐదు వందల మంది వరసగా లోపలికి నడుచుకుంటూ వస్తున్నారు, ఊరికే నడక, తాళం లేదు, పాట లేదు. ముందు ఎక్కడో చినుకులు పడ్డట్టు వినబడి, దగ్గరికొచ్చే కొద్దీ పెరిగి పెరిగి మా కాళ్ల కింద సిమెంటు మెట్టు దాకా వచ్చింది. వెనక కూర్చున్నవాళ్లు మాటలు ఆపేశారు. బాపు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. చాచా లేచాడు. సంఘం వాళ్లం అందరం లేచాం. వెనకవాళ్లు కూర్చోమని అరుస్తున్నా ఎవరికీ వినబడలేదు. "గింత సప్పుడు మన గల్లీలకెల్లే వచ్చిందా భాయ్?" అన్నాడు బాపు. చాచా జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత జరిగిన నాట్యం గొప్పగా ఉందని అందరూ అన్నారు. నాకు అందులో ఒక్క అడుగూ గుర్తు లేదు.

ఆ మరుసటి వారం బాపు సంఘం కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకం ఆయనకు నాలుగు అక్షరాలే, అయినా కుర్చీ సర్దుకుని, పెన్ను రెండుసార్లు విదిలించి పెట్టాడు. తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆ ఆరేళ్లూ సాయంత్రం ఐదు దాటితే ఆయన్ను వెతకాల్సింది హుస్సేనీ ఆలంలోనే. ఇద్దరూ అరుగు మీద కూర్చుని కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కడి పోతకూ వంకలు పెట్టేవాళ్లు, మధ్యలో వాళ్లలో వాళ్లే తగువులాడుకునేవాళ్లు, చాయ్ చల్లారిందని ఇద్దరూ కలిసి మా మీద కోప్పడేవాళ్లు. రంజాన్ నెలలో చాచా చాయ్ తాగడు కాబట్టి బాపు కూడా అక్కడ తాగేవాడు కాదు, ఇంటికొచ్చి రెండు గ్లాసులు తాగేవాడు. ముప్పై ఏళ్లు అర మైలు దూరంలో ఉండి, కలవకుండా గడిపిన మనుషులు వాళ్లు. విన్నవాళ్లు అయ్యో, ఆరేళ్లేనా అంటారు. పక్కన ఉండి చూసిన నాకు మాత్రం ఆ ముప్పై ఏళ్లూ ఎట్లా పోయాయో తెలియదు, ఈ ఆరేళ్లలో ఏ సాయంత్రం గురించి అడిగినా చెప్పగలను.