రాజారాం సేటు గచ్చు మిద్దెలు

మా అన్న రాజారాం గుత్తేదారు. బోధన్‌లోనూ నిజామాబాదులోనూ దుకాణాలు, గోదాములు, బీడీ కార్ఖానాలు కట్టించాడు, పాతబడ్డవాటిని బాగు చేయించాడు. ఊళ్లో ఆయనకు మొండివాడని పేరు. జనమంతా సిమెంటు స్లాబు అని కలవరిస్తున్న రోజుల్లో కూడా గచ్చు మిద్దె తప్ప మరొకటి వేయనని భీష్మించుకు కూర్చునేవాడు మరి. ఆ మొండితనం వెనక ఏముందో నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా బయట అనలేదు. నా నోరు మూయించడం ఎంత కష్టమో మా వీధిలో ఎవరినైనా అడగండి.

మా వదిన మొదటి కాన్పులోనే పోయింది. నేను కూడా మొగుడు పోయి అన్న ఇంటికే చేరాను. ఆయన పొద్దున్నే సైకిలెక్కి పనుల మీద పోయేవాడు. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు చుట్టుకుంటూ కూర్చునేదాన్ని. మళ్లీ పెళ్లి చేసుకోమని నేను చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు.

గచ్చు మిద్దె అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. గోడల మీద ఇనుప గర్డర్లు వేసి, వాటి నడుమ ఇటుకలు పేర్చి, పైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి మందంగా పరుస్తారు. తరవాత ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని చేతి చెక్కలతో దాన్ని కొడతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుకుంటూ, చెక్క ఎగిరిపడేంత గట్టిపడేదాకా రోజుల తరబడి కొట్టాల్సిందే. దెబ్బలన్నీ ఒక్కసారే పడాలి. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా పడితే వానాకాలం అక్కడే కారుతుంది. అందుకని ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటూ దెబ్బ వేస్తారు. పాట సరిగ్గా నడిస్తే మిద్దె సరిగ్గా వస్తుంది.

కందకుర్తి నుంచి వచ్చే గుంపులో పాట ఎత్తుకునేది గోదావరి. చిన్న వయసులోనే మొగుడు పోయిన మనిషి. నేనామెను మొదట చూసింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం, బోధన్ బజారులో రామస్వామి బట్టల దుకాణానికి మిద్దె పడుతున్నప్పుడు. అన్నకు సద్ది పట్టుకుని పోయాను. మిద్దె కొట్టేవాళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరి పేరైనా పాటలో పెట్టి ఆట పట్టించవచ్చు. పేరొచ్చినవాడు అలగకూడదు, గుంపుకు బెల్లం పంచాలి. సరిగ్గా నేను కింద నిలబడ్డప్పుడే పైనుంచి పాట వచ్చింది.

"ఊరందరికి మిద్దెలేసె రాజారాం సేటు
ఆయనింటి పొయ్యిలోన పిల్లి పండెనోయ్ సేటు"

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. దెబ్బ మాత్రం ఎక్కడా తప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడు పూటలా వండి పెట్టేది నేనైతే, నా పొయ్యిలో పిల్లిని పడుకోబెడుతుందా?

"ఓ పిల్లా! గా పొయ్యి నాది. పొద్దుగాల్నే జొన్నరొట్టెలు చేసి తెచ్చిన, సూడు!" అని కిందినుంచే అరిచాను.

ఆమె పిట్టగోడ మీంచి తొంగి చూసింది. మొహమంతా సున్నం, ఆ సున్నంలో నవ్వు. "నీ పొయ్యిని నేనెందుకంటనక్కా? నేనన్నది ఆయన పొయ్యి. అక్క పొయ్యీ ఆయన పొయ్యీ ఒక్కటే అయితదా?" అంది.

దానికి జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. నాకు! తిరిగి అన్న వైపు చూశాను. బెల్లం ముద్ద చేతిలో పట్టుకుని, పంచడం మరిచిపోయి, పైకి చూస్తూ నిలబడి ఉన్నాడు. వదిన పోయాక ఆయన మొహంలో నేనంత వెలుగు చూడలేదు.

ఆ ఏడు మొదలు ప్రతి ఎండాకాలం ఆయనకు ఎక్కడో ఒకచోట గచ్చు మిద్దె పడాల్సిందే. స్లాబు కావాలన్న యజమానికి సిమెంటు పర్మిట్ దొరకదని చెప్పేవాడు. పర్మిట్ తెచ్చుకున్నవాడికి స్లాబు కింద మనుషులు ఉడికిపోతారని చెప్పేవాడు. రెండూ అబద్ధాలు కావు, అయితే ఆయన మనసులో ఉన్నవి అవి కావు. చెరుకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీకి బారులు తీరడం ఆగిపోగానే కందకుర్తికి కబురు పోయేది. అప్పటినుంచి రోజూ గడ్డం గీసుకునేవాడు.

నేనూరుకుంటానా? "అడుగన్నా. మొగుడు పోయినంక మారు మనువు పోవుడు వాళ్లల్ల తప్పు గాదు, మనల్ల గూడ తప్పు గాదు. ఇంకేం అడ్డం?" అనేదాన్ని.

"నా కింద పని చేసే మనిషిని ఎట్ల అడుగుతనే? పనికి పిలిచి గిట్లడిగిండు అంటరు. ఆమెకు గూడ కాదనే బలం ఉండాలె గదా. పని అయిపోనీ."

"మరి పని అయినంక?"

"పని అయినంక ఏమని పిలువాలె? వచ్చే మిద్దెకు సూద్దాం తియ్."

"నేను పోయి అడుగుత."

"నువ్వు పోతే పంచాయితీ అయితది. వద్దు."

ఇలా ఏళ్లు గడిచాయి. ఆమె పైన పాడేది, ఆయన కింద వినేవాడు. భోజనాల వేళ దూరంగా కూర్చుని నీళ్లెట్లున్నయి, వానలెట్లున్నయి అని మాట్లాడుకునేవారు. అంతకు మించి ఒక్క మాట దాటలేదు. మంచితనానికి కూడా ఒక హద్దుండాలని నాకప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడూ వస్తుంది.

చివరి గచ్చు మిద్దె నిజామాబాదులో ఒక బీడీ గోదాముకు పడింది. ఇక ముందు అందరూ స్లాబులే అంటారని ఆయనకు తెలిసిపోయింది. ఈసారి అడిగేస్తానని నాకు మాటిచ్చి, గోదావరి కోసం ఆకుపచ్చ అంచు చీర తెచ్చాడు. వాళ్లలో ఒంటరి ఆడమనిషికి మగవాడు చీర పెడితే మనువుకు అడిగినట్టేనని అందరికీ తెలుసు. తెల్లవారేసరికి మనసు మార్చుకున్నాడు. ఒక్కదానికే పెడితే నలుగురిలో ఆమెను ఇరుకున పెట్టినట్టవుతుందని బజారుకు పరుగెత్తి, గుంపులో ఎంతమంది ఆడవాళ్లుంటే అందరికీ అలాంటి చీరలే తెచ్చి పంచాడు. సేటు ధర్మాత్ముడని అంతా దీవించారు. గోదావరి కూడా అందరితో పాటే దండం పెట్టి, చీర చంకన పెట్టుకుని బండెక్కింది. నేనైతే ఆ సాయంత్రం ఆయనకు అన్నం వడ్డించలేదు.

తరవాత అన్నీ స్లాబులే. కడుపు నిండాలి కాబట్టి ఆయనా వేశాడు. సెంట్రింగు, ఇనుము, కంకర. పాట లేని పని. ఎండాకాలం రాగానే సాయంత్రాలు వాకిట్లో కూర్చుని కందకుర్తికి పోయే రెంజల్ దారి వైపు చూసేవాడు. "పిలువన్నా" అంటే "పని లేదాయె, ఏమని పిలువాలె?" అనేవాడు. ఆయన దిగులు చూడలేక నేను బీడీలు చుట్టడం మానేసి లోపలికి పోయేదాన్ని.

ఇలా ఆరేడేళ్లు పోయాక రామస్వామి, గోదావరి గుంపు మిద్దె కొట్టిన తన బట్టల దుకాణం మీద పై అంతస్తు లేపాలనుకున్నాడు. గచ్చు తీసేసి స్లాబు వేయాలి. పని మా అన్నకే ఇచ్చాడు. గడ్డపారలు పట్టుకుని మగవాళ్లు పైకెక్కారు. గచ్చు పగలదే! గడ్డపార వేస్తే ఖంగుమని మోగి వెనక్కి వచ్చేది. "ఎవలు కొట్టిన్రో గని, రాయి జేసి పెట్టిన్రు" అని కూలీలు తిట్టుకున్నారు. అన్న కాసేపు విని ఇంటికి వచ్చేశాడు. చెప్పులు కూడా విడవకుండా, "వసంతా, రేపు కందకుర్తికి పోదాం. నువ్వే అడుగు" అన్నాడు. ఈసారి ఒక్క చీరే కొన్నాడు.

రెంజల్ దాకా బస్సు, అక్కడినుంచి ఎడ్లబండి. గోదావరి ఇంటి ముందు పెసలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట పక్కన పెట్టి లేచింది. "సేటూ! అక్కా!" అంటూ గొంగడి పరిచింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది, నవ్వు అదే.

"మిద్దె వడ్డదా సేటూ? గుంపంత చెదిరిపోయింది. అయినా గానీ, రెండు దినాలు ఇయ్యి, మళ్ల జమ చేస్త" అంది.

అప్పుడు చూశాను ఆమె మెడలో పుస్తెలు. లోపల్నించి చిన్నపిల్ల తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఆమె కాలు పట్టుకుంది. అన్న కూడా చూశాడు.

"బోధన్ దుకాణం మిద్దె ఎట్లున్నది? కారుతున్నదా?" అని ఆమే అడిగింది.

"గట్లనే ఉన్నది. చుక్క కారలే" అన్నాడు మా అన్న. అప్పటికి దాని మీద గడ్డపారలు పడుతూనే ఉన్నాయి.

నేను ఆగలేకపోయాను. "మిద్దె కోసం రాలే గోదావరీ. నీ కోసం వచ్చినం" అన్నాను.

ఆమె పిల్లను ఎత్తుకుంది. పిల్ల తల నిమిరింది. కోపం లేదు ఆ మొహంలో, ఉంటే బాగుండేది.

"మస్తు దినాలు ఎదురు సూసిన. ఎండకాలం రాంగనే దారి దిక్కు సూసుడే. కబురు రాలే. పని లేదు గదా, ఇగ నాతోని ఏం అవసరం ఉంటది అనుకున్న. పోశన్న అడిగిండు, మంచోడు, మనువు పోయిన." అన్న వైపు తిరిగింది. "మిద్దె లేకుంటే పిలువద్దా సేటూ?"

అన్న చేతిలోని చీర నా ఒళ్లో పెట్టాడు. ఇంతలో ఏట్లో పడవ నడిపే ఆ పోశన్న వచ్చాడు. మేమెవరమో తెలియగానే సంబరపడిపోయి చల్ల తెప్పించాడు. వాన పడ్డప్పుడల్లా మీ మిద్దెల ముచ్చటే చెప్తదని నవ్వుతూ చెప్పాడు. చల్ల తాగాం. చీర నేనే పెట్టాను, చెల్లెలికి పెట్టినట్టు. ఆమె కళ్లకద్దుకుని తీసుకుంది.

తిరిగి బస్సెక్కి బోధన్‌కు సగం దూరం వచ్చాం. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"గన్ని మిద్దెలల్ల ఒక్కటన్న మిద్దె కోసం ఏసిన్నా, వసంతా?"

"గా మాట ఆమెకు చెప్పాలె! నాకెందుకు చెప్తవు?" అని అరిచాను. బస్సులో ఉన్నవాళ్లంతా తిరిగి మావైపు చూశారు.