ఎప్పుడూ ఆపకూడని లైను

నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే చాలాకాలం "కంప్యూటర్ పనండీ" అని దాటవేసేదాన్ని. విజయవాడలో మా ఇంట్లోనే కూర్చుని చేసే పని అది. ఫోన్లోనైనా ట్యాబ్లెట్‌లోనైనా బ్యాటరీ కరెంటును పంచిపెట్టే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. తెరకు ఒక లైను, కెమెరాకు ఒక లైను, ఒక్కోదానికి ఒక్కో వోల్టేజి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌కు ఈ సంగతులేవీ వాటంతటవే తెలియవు. చిప్‌లో ఎన్ని లైన్లున్నాయో, ఏది ఎంత వోల్టేజి వరకు వెళ్లగలదో ఒక పద్ధతి ప్రకారం రాసి ఇవ్వాలి. అలా రాసేదాన్ని స్కీమా అంటాం. ఎక్కడెక్కడి వాళ్లో రాసి పంపే స్కీమాలను చదివి, బాగున్నాయో లేదో చెప్పడం నా పని. అందులో మేం పట్టుబట్టేది ఒక్కటే. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయాలి. మనకు ఎలా పనిచేస్తే బాగుంటుందో రాయకూడదు.

ఒక వానాకాలం మొదట్లో కొత్త స్కీమా ఒకటి వచ్చింది. పంపినాయన ఏదో చలిదేశంలో చిన్న ఊరి గ్రంథాలయ ఉద్యోగి. ఎవరో ఇచ్చిన పాత ట్యాబ్లెట్లు పెట్టెడు ఉన్నాయట. కంపెనీ వాటిని ఎప్పుడో వదిలేసింది. పుస్తకాలు వెతుక్కోవడానికి పనికొచ్చేలా వాటిని మళ్లీ లేపాలని ఆయన ఆశ. చిప్ వివరాల పత్రం బయట ఎక్కడా దొరకదు కాబట్టి పాత సాఫ్ట్‌వేర్‌ను చూసి ఊహించుకుంటూ రాశాడు. శుభ్రంగా రాశాడు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ఆరో లైనును ఎప్పుడూ ఆపకూడదని, ఆ మాట తప్పనిసరి అని పెట్టాడు.

ఎందుకని మెయిల్లో అడిగాను.

"ఆపితే ట్యాబ్లెట్ హ్యాంగ్ అవుతోంది. కారణం నాకు తెలియదు. ఇదే అడుగుతారని భయపడుతూనే పంపాను" అని జవాబిచ్చాడు.

నవ్వొచ్చింది. నియమం ప్రకారం ఆ మాట తీసేయమంటే నా పని అయిపోతుంది. ఆపకూడదన్నది చిప్ లక్షణం కాదు. ఆ ట్యాబ్లెట్‌లో చిప్పులన్నీ అతికించిన బోర్డు మీద ఏదో ఒకటి ఆ లైను మీద బతుకుతోంది, అంతే. కానీ ఏది? పప్పుకు తాలింపు పెడుతున్నా అదే ఆలోచన. ఆయన పంపిన ఫొటో మళ్లీ తెరిచి చూస్తే ట్యాబ్లెట్ వెనక వైపు ఎక్కడో చూసినట్టనిపించింది. పెడనలో మా బాబాయి చేనేత చీరల కొట్టు గుర్తొచ్చింది. బేరగాళ్లకు డిజైన్లు చూపించడానికి అలాంటిదే వాడేవాడు.

ఫోన్ చేశాను.

"అదా? చచ్చిపోయి రెండేళ్లయిందమ్మా. బీరువాలో పడేశా. దాంతో నీకేం పని?" అన్నాడు.

"విప్పి చూడాలి బాబాయ్."

"విప్పితే విప్పావుగానీ, పాత డిజైన్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నయ్. అవి పోతే మీ పిన్ని నన్ను ఇంట్లోకి రానివ్వదు."

గవర్నర్‌పేటలో దానికి సరిపోయే బ్యాటరీ వెతికి పట్టుకుని, ఆదివారం పొద్దున బందరు వెళ్లే రైలెక్కి పెడనలో దిగాను. కొట్టు వెనక గదిలో చీరల మూటలు పక్కకు జరిపి బాబాయి నాకొక బల్ల వేశాడు. ఉబ్బిపోయిన బ్యాటరీ తీసి కొత్తది పెట్టగానే తెర వెలిగింది. ముందు ఫొటోలన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. పిన్ని వాటిని ఒక్కొక్కటే చూసుకుని, "హమ్మయ్య, ఇప్పుడు ఏమైనా చేసుకోండి" అని లోపలికి వెళ్లింది.

గ్రంథాలయం ఆయన ఇచ్చిన కెర్నెల్‌తోనే ట్యాబ్లెట్‌ను లేపి, ఆరో లైనును ఆపాను. నిజమే, హ్యాంగ్ అయింది.

"తెర లైటు లైనేమో?" అన్నాడు బాబాయి, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ.

"తెర వెలుగుతూనే ఉందిగా బాబాయ్."

"అయితే టచ్‌ది."

"చూద్దాం ఉండు."

మళ్లీ లేపి, చిప్ చుట్టూ గింజల్లా ఉన్న కెపాసిటర్ల మీద ఒక్కొక్కదాని మీదే వోల్టేజి కొలిచే మీటరు పెట్టి చూశాను. లైను ఆపినప్పుడు ఒక్కచోట మాత్రం వోల్టేజి సున్నాకు పడింది. ఆ లైను బయటికొచ్చేది అక్కడేనన్నమాట. ఇక అది ఎక్కడికి పోతుందో తేలాలి. బ్యాటరీ తీసేసి, మీటరును కూత పెట్టే చోటికి తిప్పాను. రెండు చోట్లు ఒకే తీగ మీద ఉంటే కూస్తుంది. మీటరు తీగల చివర ఉండే రెండు ముళ్లలో ఒకటి అక్కడే ఉంచి, రెండోదాన్ని బోర్డంతా తిప్పుతూ పోయాను. కెమెరా దగ్గర లేదు. టచ్ దగ్గర లేదు. బాబాయి ముఖం చిన్నబోయింది. ఫొటోలు దాచుకునే స్టోరేజీ చిప్ పక్కన పెట్టగానే మీటరు కీచుమంది.

"దొరికిందే!" అని బాబాయి బల్ల మీద చరిచాడు. పిన్ని వంటింట్లోంచి ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

తలుచుకుంటే చాలా సాధారణమైన సంగతి. స్టోరేజీకి కరెంటు పోతే కెర్నెల్ చదవాల్సిందాన్ని చదవలేక అలాగే నిలబడిపోతుంది. ఆ స్టోరేజీ ఈ లైను మీద ఆధారపడిందని, ఒక్కో పరికరానికి విడిగా రాసే బోర్డు వర్ణనలో రాస్తే చాలు, కెర్నెలే దాన్ని ఆపదు. చిప్ స్కీమాలో ఎవరూ ఆ నిర్బంధం పెట్టక్కర్లేదు. అదే చిప్ ఇంకో బోర్డు మీద ఆరో లైనుతో ఇంకేదో నడపవచ్చు.

అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఆయనకు రాశాను. వెంటనే జవాబొచ్చింది. "మీరు ఆ ట్యాబ్లెట్‌ను నిజంగా విప్పారా?" అని ఒక్క వాక్యం. తర్వాత సరిదిద్దిన స్కీమా పంపాడు. దాన్ని కెర్నెల్‌లోకి తీసుకున్నారు. కొన్నాళ్లకు గ్రంథాలయం గోడకు బిగించిన ట్యాబ్లెట్ ఫొటో కూడా పంపాడు. దాని ముందు ఎర్రటి స్వెట్టరు వేసుకున్న ముసలావిడ ఒకరు వేలితో తెరను నొక్కుతున్నారు. ఆ ఫొటో బాబాయికి పంపితే, "ఆవిడ స్వెట్టరు అల్లిక బాగుంది, దగ్గరగా తీసి పంపమను" అన్నాడు.

ఒకటి మాత్రం తేలలేదు. ఆ రోజు సరదా పట్టలేక మిగతా లైన్లు కూడా ఒక్కొక్కటే ఆపి చూశాం. చివరిదాన్ని ఆపితే ఏమీ కాలేదు. తెర, శబ్దం, కెమెరా అన్నీ మామూలే. మీటరు ఎక్కడ పెట్టినా కూయలేదు. పెట్టి వాడకుండా వదిలేశారో, నా ముల్లు చేరని చోట ఏదైనా ఉందో తెలియదు. గ్రంథాలయం ఆయనకూ తెలియదు. స్కీమాలో మాత్రం దాన్ని ఉన్నట్టే ఉంచాం.

బాబాయి ఇప్పటికీ అప్పుడప్పుడూ కొట్టు తెరిచే ముందు ఫోన్ చేసి ఆ చివరి లైను సంగతే ఎత్తుతాడు.

"అమ్మాయ్, చార్జింగు ఎక్కేటప్పుడు పనిచేస్తదేమో, చూశావా?"

అది నేను చూడలేదు. వచ్చే ఆదివారం వస్తానని చెప్పాను.