కోచ్ గారి హాజరు పుస్తకం

ఆర్లీన్ సెడ్లాచెక్ ఆ ఊరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పింది. భర్త మెర్ల్ అదే స్కూల్లో పరుగుల జట్టుకి కోచ్. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో వాళ్ల చేతుల్లో పడకుండా పెరిగినవాడు అరుదు. కొట్టువాడు చిల్లర తప్పు ఇస్తే, "నీకు లెక్కలు చెప్పింది నేనేనని ఎవరికీ చెప్పకు నాయనా" అనేది ఆవిడ.

పాత శిష్యులు కలిసి దంపతుల పేర కాలేజీ స్కాలర్‌షిప్ పెట్టారు. అప్పటికే మెర్ల్‌కి పక్షవాతం వచ్చి, ఉన్న మాటల్లో "సరే" ఒక్కటే మిగిలింది. ఆకలేసినా సరే, కోపమొచ్చినా సరే.

నిబంధన శిష్యులే రాశారు. కోచ్ గది తలుపు మీద ఏళ్ల తరబడి వేలాడిన మాటే అది: ప్రాక్టీసు మానినవాడు నా జట్టువాడు కాదు. అంచేత హైస్కూలు నాలుగేళ్లూ జట్టులో మానకుండా ఉన్నవాళ్లకే స్కాలర్‌షిప్. భక్తితో చేసిన పని, ఎవర్నని ఏం లాభం?

ఈ ఏడు ఆర్లీన్ ప్రాణమంతా షెల్బీ వ్రానా మీద ఉంది. తల్లికి మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సి వచ్చి, ఆ పిల్ల మూడో ఏడు పరుగు మానేసింది. లెక్కలు మాత్రం మానలేదు, ఆర్లీన్ భోజనాల బల్ల దగ్గరే నేర్చుకుంది. నర్సింగ్‌లో సీటొచ్చింది. స్కాలర్‌షిప్ రాకపోతే ఆ సీటు వదులుకుని ధాన్యం గోదాములో రసీదులు రాయాలి.

కమిటీ కూర్చున్న రోజు ఆర్లీన్ గసగసాలు కూరిన కొలాచీ రొట్టెలు చేసుకుని, మెర్ల్‌ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ, పాత హాజరు పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లింది. కమిటీ పెద్ద రాడ్నీ కోల్టర్‌మన్, ఒకప్పటి శిష్యుడే.

"ఆ నిబంధన తీసెయ్యండిరా రాడ్నీ."

"అమ్మో, కోచ్ మాట తీసేసేంత మొనగాణ్ణా టీచర్? ఇప్పటికిప్పుడు లేచి నాచేత పది రౌండ్లు కొట్టిస్తాడు!"

అందరూ నవ్వారు.

"ఆ మాట ఆయనే పాటించలేదురా. కోతల రోజుల్లో రానివాళ్లకి కూడా వచ్చినట్టే టిక్కు పెట్టేవాడు. నీ సంగతే చూడు. మీ నాన్న కాలు విరిగితే మూడు వారాలు నువ్వు కోత మిషను దిగలేదు. మీ ధాన్యం ట్రక్కు తోలింది ఈయనే. నీ తిండి డబ్బాలో ఆల్జీబ్రా కాగితాలు పెట్టి పంపింది నేను."

రాడ్నీ మొహంలో నిజమైన ఆశ్చర్యం. "ట్రక్కు తోలడం గుర్తుంది టీచర్. కానీ నేను ప్రాక్టీసుకొచ్చాకే పొలానికి వెళ్లేవాణ్ణి. ఒక్కరోజు మానలేదు. మా పిల్లలకి ఇప్పటికీ అదే చెప్తాను. చూడండి పుస్తకంలో."

అతను అబద్ధమాడటం లేదు, అదే ఆర్లీన్‌కి దిక్కు తోచకుండా చేసింది. సాక్ష్యమనుకుని తను తెచ్చిన పుస్తకంలో, అతని పేరు పక్కన, మూడు వారాలూ వరసగా టిక్కులే. ఎవరి పేరు పక్కనా ఒక్క ఖాళీ లేదు. మెర్ల్ దయ అంతా ఆ పుస్తకంలో కాఠిన్యంలా కనబడుతోంది.

"నువ్వన్నా చెప్పు మెర్ల్!" అంది పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి.

"సరే," అన్నాడు మెర్ల్. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "సరే, సరే."

"చూశారా, కోచ్ కూడా ఒప్పుకున్నాడు," అన్నాడు రాడ్నీ, తనూ కళ్లు తుడుచుకుంటూ.

బహుమతుల సాయంత్రం స్కూలు జిమ్‌లో ఆర్లీన్ తన చేత్తోనే స్కాలర్‌షిప్ పత్రం వేరే కుర్రాడికిచ్చింది. మంచి పిల్లాడే, వాణ్ణేమీ అనడానికి లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, షెల్బీ కూడా కొట్టింది.

అయ్యాక కుర్చీని కారుదాకా తోసింది షెల్బీయే. మెర్ల్ ఎడమ చేత్తో ఆ పిల్ల చొక్కా జేబులోంచి పెన్ను లాగి, అరచెయ్యి పట్టుకుని, వంకరగా ఒక టిక్కు పెట్టాడు.

షెల్బీ పిడికిలి మూసుకుంది.

"సోమవారం గోదాములో చేరుతున్నా టీచర్, పొద్దున ఏడింటికి," అంది నవ్వబోతూ. "కోచ్‌తో చెప్పండి, ఒక్కరోజు కూడా మాననని."

ఆర్లీన్ కారు తలుపు తీసి పట్టుకుని నిలబడింది.