వానాయన పొట్టి సంతకం

ఆ దీవిలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ నెత్తిన వాన కొలిచే గొట్టం ఒకటుంది. సోమవారం, గురువారం దాని దగ్గరికి వెళ్ళి లెక్క రాసుకొచ్చే ఉద్యోగం వానాయనది. పదిహేడు మలుపులు సైకిల్ మీద, రోడ్డు ఆగిపోయిన చోటినుంచి గంటన్నర కాలినడక. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. శిఖరం మీద ఇనప్పెట్టెలో, ఎక్కినవాళ్ళు పేర్లు రాసే పుస్తకం ఉంటుంది. అది నిండితే మార్చడం, పెన్సిల్ చెక్కి పెట్టడం కూడా ఆయనకే అంటగట్టారు. అందులో తన పేరు మాత్రం ఏనాడూ రాయలేదు. ఉద్యోగానికి వచ్చినవాడు చుట్టపుచూపుగా వచ్చినట్టు రాయడమేమిటని.

చెప్పుల షాపు నడిపే తోడల్లుడు గేర్ల సైకిల్ కొని, నలభై రోజుల్లో దీవిలోని నాలుగు పెద్ద కొండలూ ఎక్కేశానని చెప్పేదాకా ఆయనకు ఏ బాధా లేదు. సైకిల్ క్లబ్బు వాళ్ళు షీల్డు ఇస్తామన్నారు. మామగారు అల్లుడి ఫోటో కట్టించి హాల్లో పెట్టారు. ఏ అల్లుడిదో చెప్పక్కర్లేదు.

ఆదివారం అత్తవారింట్లో భోజనాల దగ్గర తోడల్లుడు ప్యాంటు మోకాలిదాకా మడిచి పిక్కలు చూపించాడు.

“మా మరిది కాళ్ళు చూడండి, ఇనప కడ్డీలే!” అంది వానాయన భార్య.

“నా కాళ్ళెప్పుడైనా చూశావా?”

“మీదుద్యోగం కదండీ!”

వానాయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

షీల్డు ఇచ్చేముందు సరిచూడాలి, ఎల్లుండి కాదు, పై సోమవారం సాయంత్రానికి కొండమీది పుస్తకం తెచ్చివ్వమని క్లబ్బు కబురు చేసింది. మర్నాడు మామూలు సోమవారం లెక్కకు పైకి వెళ్ళగానే వానాయన మొదట పుస్తకమే తీశాడు. తోడల్లుడి పేరు గుమ్మడికాయంత అక్షరాల్లో ఉంది. కిందటి నెల పన్నెండు, గురువారం, పొద్దున పదకొండు. సంచిలోంచి వాన రిజిస్టరు తీశాడు. అదే గురువారం, అదే పదకొండు, తొంభై రెండు మిల్లీమీటర్లు, పక్కన తన పొట్టి సంతకం. ఆ రోజు తడిసి ముద్దయి మధ్యాహ్నందాకా ఇక్కడే కూర్చున్నాడు. కాకి కూడా రాలేదు.

దిగేటప్పుడు ఈల వేస్తూ దిగాడు. భార్యకు చెప్పాడు.

“మీ కడుపుమంట ఊరందరికీ తెలుసు,” అందావిడ. “మీరు నిజం చెప్పినా కుళ్ళే అంటారు.”

మింగలేక కక్కలేక రెండు రోజులు తిరిగి, చివరికి చెప్పుల షాపుకు వెళ్ళాడు.

“పన్నెండో తారీఖు గురువారం పదకొండింటికి ఎక్కడున్నావు తమ్ముడూ?”

తోడల్లుడు చేతిలోని చెప్పు పక్కన పెట్టేశాడు. “మీరు పైనున్నారా? మబ్బు కమ్మేసిందన్నయ్యా. ఆఖరి మలుపులోంచే వెనక్కొచ్చేశాను. తర్వాత వెళ్ళిన స్నేహితుడు నా పేరు రాశాడు. శనివారం నన్ను తీసుకెళ్ళండి, నిజంగానే ఎక్కుతా.”

వానాయన ఒప్పుకున్నాడు. జాలిపడి కాదు, ఏడో మలుపు దగ్గర వీడు నాలుక బయటపెట్టడం కళ్ళారా చూద్దామని.

ఏడో మలుపు వచ్చింది. నాలుక బయటపెట్టింది వానాయన. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి తొందరపడ్డాడు మరి. తోడల్లుడు కూనిరాగం తీస్తూ, మలుపు మలుపుకీ ఆగి, “నెమ్మదిగా రండన్నయ్యా” అన్నాడు.

“దూరపు కొండలు నునుపంటారు, దగ్గరికొచ్చినా నునుపే!” అన్నాడు పైన నిలబడి. “పుస్తకంలో పాతది రబ్బరుతో చెరిపేయనా?”

“వాన లెక్కలో రబ్బరు ఉండదు. తప్పు మీద ఒక్క గీత, పక్కన నిజం, దిద్దినవాడి సంతకం.” గీత వానాయనే కొట్టాడు, కొత్త తారీఖు వేసి పొట్టి సంతకం పెట్టాడు. ఇక నలుగురూ చూస్తారులే అనుకున్నాడు.

చూశారు. సోమవారం క్లబ్బు అధ్యక్షుడు, “ఈ కొట్టివేత ఏమిటి?” అన్నాడు. వానాయన గొంతు సవరించుకునేలోగా తోడల్లుడు లేచి జరిగిందంతా చెప్పేశాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. “ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుంది!” అంటూ అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “మా మరిది మనసు వెన్న” అంది భార్య. మామగారి హాల్లో రెండో ఫోటో వెలిసింది.

ఆ గురువారం వానాయన కొత్త పుస్తకం మొదటి వరసలో తన పేరు గుమ్మడికాయంత రాశాడు. అప్పట్నుంచీ ఎక్కిన ప్రతిసారీ రాశాడు. ఏడాది తిరిగేసరికి నూట నాలుగు సార్లు. పుస్తకం పట్టుకుని క్లబ్బుకు వెళ్తే అధ్యక్షుడు ఓపిగ్గా పేజీలు తిప్పాడు.

“అన్నీ ఒకే కొండ కదండీ! మిగతా మూడూ ఏవీ? పైగా మీదుద్యోగం.”

తిరిగి వస్తూ వానాయన తోడల్లుడి షాపులో ఆగి, కొండలెక్కే బూట్లు చూపించమన్నాడు.

“ఎవరికన్నయ్యా?”

“నీకెందుకు? చూపించు.”