చల్లగా ఉన్నప్పుడు బల్బుని నమ్మకండి

మొన్న ఆదివారం నా పరువు రేపల్లెలో ఎలా పోయిందో చెబుతా, టీ తాగుతూ వినండి. పోతే పోయింది గానీ, ఇంకా ఆ ఆశ్చర్యంలోంచి బయటికి రాలేకపోతున్నా!

మా ఆడపడుచు సుజాత రేపల్లెలో నాటుకోళ్లు పెంచుతుంది కదా. గుడ్లు పొదిగించడానికి పాత ఫ్రిజ్ డబ్బాలో రెండు బల్బులు పెట్టించుకుంది. ఆ వేడికే పిల్లలవుతాయి. పోయిన విడత కరెంటు పోయి సగం గుడ్లు పాడయ్యాయి. ఈసారి నలభై పెట్టింది, పద్దెనిమిదో రోజు. ఇంకో మూడు రోజులు ఆగితే పిల్లలే! సరిగ్గా అప్పుడు ఒక బల్బు మాడిపోయింది. "వదినా, వచ్చేటప్పుడు తెనాల్లో ఒక వంద వాట్ల బల్బు తీసుకురావా? ఇక్కడ దొరకట్లేదు" అని ఫోన్ చేసింది.

బల్బు కొన్నాను. ఊరికే ఉంటానా? ఇంటర్ పిల్లలకి ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న దాన్ని! ల్యాబ్‌లోంచి మల్టీమీటరు కూడా బ్యాగులో వేసుకుని పొద్దున్నే రైలెక్కా.

సుజాత బల్బు పెట్టబోతుంటే, "ఆగు, ముందు చెక్ చేద్దాం" అని ఫోజు కొట్టి మీటరు తీశా. బల్బు రెసిస్టెన్సు నలభై ఓములు చూపించింది. మనకి లెక్క నోట్లోనే ఉంటుంది కదా! ఇంటి కరెంటు రెండు వందల ముప్పై వోల్టులు, దాన్ని దాంతోనే గుణించి, నలభైతో భాగించా. పదమూడు వందల వాట్లు!

వంద వాట్లని రాసి పదమూడు వందల వాట్ల బల్బు అంటగట్టాడు షాపువాడు! అనుమానం వచ్చి, మెయిన్ ఆపించి, డబ్బాలో వెలుగుతున్న రెండో బల్బు కూడా ఊడదీసి చూశా. అదీ నలభై దగ్గరే!

"సుజాతా, ఇది పొదిగే పెట్టె కాదే, కుంపటి! ఇల్లు తగలబడిపోద్ది!"

"ఆ బల్బు పద్దెనిమిది రోజులుగా వెలుగుతూనే ఉందిగా వదినా, ఏం కాలేదుగా?"

"నీ అదృష్టం!" అన్నా. చూడండి, ఎంత శాస్త్రీయమైన సమాధానమో!

"మరి గుడ్లు చల్లారిపోవా?" అంది ఏడుపు గొంతుతో. బొంత కప్పమని చెప్పి, రెండు బల్బులూ పట్టుకుని, ఆ డబ్బాకి వైరింగ్ చేసిన మస్తాన్‌బీ గారి కొట్టుకి ఆటోలో పరిగెత్తా.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మోటార్లు వైండింగ్ చేస్తారు. వాళ్లాయన ఉన్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నారట, ఆయన పోయాక కొట్టు ఆవిడే నడుపుతున్నారు. ఒడిలో మోటారు పెట్టుకుని రాగి తీగ చుడుతున్నారు. నేను వెళ్లి దులిపేశా. "పిన్నిగారూ, మీ డబ్బాలో పెట్టే ఈ రెండు బల్బులూ కలిపి రెండువేల ఆరు వందల వాట్లు, తెలుసా?"

ఆవిడ కోప్పడలేదు. తీగ చుట్టడం ఆపి, "ఎట్టా లెక్కేశారమ్మా?" అనడిగారు. మీటరు చూపించా.

"వెలుగుతున్నప్పుడు చూశారా?"

"లేదండి, ఊడదీసి చూశా."

"చల్లగా ఉన్నప్పుడు అడిగితే అది నిజం చెప్పదమ్మా. వెలిగేటప్పుడు అడగాలి. రండి."

గోడకున్న చెక్క బోర్డు మీద రెండు మీటర్లున్నాయి. ఒకటి వోల్టేజీకి, ఒకటి కరెంటుకి. పక్కన వోల్టేజీని పెంచి తగ్గించే పెద్ద మరలాంటిది. బల్బు తగిలించి మెల్లగా తిప్పారు. ఇరవై మూడు వోల్టుల దగ్గర ఆపి, "రాసుకోండి" అన్నారు, నేను క్లాసులో చెప్పినట్టే! కరెంటు సున్నా పాయింట్ పన్నెండు ఆంపియర్లు. రైలు టికెట్టు వెనకాల భాగహారం చేశా. నూట తొంభై ఓముల పైనే!

ఇంకాస్త తిప్పారు. లోపలి తీగ నిప్పు రంగుకొచ్చింది. నూట పదిహేను వోల్టులు, సున్నా పాయింట్ ఇరవై తొమ్మిది. దాదాపు నాలుగు వందల ఓములు.

పూర్తిగా తిప్పారు. బల్బు భగ్గున వెలిగింది. రెండు వందల ముప్పై, సున్నా పాయింట్ నలభై మూడు. ఐదు వందల ముప్పై ఐదు ఓములు! వోల్టులనీ కరెంటునీ గుణిస్తే తొంభై తొమ్మిది వాట్లు. వందకి ఒక్కటి తక్కువ!

వెంట్రుకంత తీగ. అది వేడెక్కేకొద్దీ తనలోంచి పోయే కరెంటుకి తనే అడ్డం పడుతోంది, నా కళ్ల ముందే! వేడెక్కితే రెసిస్టెన్సు పెరుగుతుందని ఎన్ని వందల మందికి చెప్పానో. ఒక్కసారన్నా చూశానా? లేదు! ఐదో తరగతితో చదువాపేసిన మస్తాన్‌బీ గారు చూపించారు.

"ఇంకోసారి తిప్పరా పిన్నిగారూ?" అనడిగా, చిన్నపిల్లలా. ఆవిడ నవ్వి మళ్లీ తిప్పారు. మళ్లీ. మూడోసారి అడగబోతుంటే ఫోన్ మోగింది.

"వదినా! గుడ్లు!"

అమ్మో! గంటన్నర అయింది! ఆటోలో పడి ఇంటికొస్తే, సుజాత బొంత మీద తన శాలువా కూడా కప్పి, కోడిపెట్టలాగా డబ్బా పక్కనే కూర్చునుంది. బల్బులు బిగించి స్విచ్ వేశాం. ఇద్దరం థర్మామీటరుకేసి చూస్తూ కూర్చున్నాం. పాదరసం పైకి పాకుతున్నంతసేపూ నేను సుజాత మొహం చూళ్లేదు.

బుధవారం సాయంత్రం వీడియో కాల్. ముప్పై ఒక్క పిల్లలు! తడిసిన దూది ఉండల్లా ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ. ఏడుపొచ్చేసింది నాకు.

మర్నాడు క్లాసులో సిలబస్ పక్కనపెట్టి ఇదంతా పిల్లలకి చెప్పా. నూట తొంభై, నాలుగు వందలు, ఐదు వందల ముప్పై ఐదు అని బోర్డు నిండా రాసి, ఊగిపోతూ చెప్పా. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

"ఏమో తల్లీ, నాకైతే వచ్చింది" అన్నా. "తప్పాను."