ఒక్క మగపువ్వుకి సగం గుమ్మడికాయట

మా పెరటి గుమ్మడిపాదు నెల రోజులుగా విరగబూస్తోంది గాని ఒక్క పిందె నిలవలేదు. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన నాకు పూల సంగతి ఏం తెలుసు? కింద పిందె లేని పూలు దండగనుకుని రోజూ పొద్దున్నే నేనే తెంపేస్తున్నాను. బడిలో సైన్సు చెప్పే మా అమ్మాయి ఈ రోజు వచ్చి చూసి తల పట్టుకుంది.

"నాన్నా, నువ్వు తెంపేసినవి మగపూలు. వాటి పుప్పొడి ఈ ఆడపువ్వు నడుమున్న కీలాగ్రానికి అంటితేనే పిందె నిలుస్తాది. పుప్పొడే లేకపోతే తేనెటీగ మాత్రం ఏటి సేస్తాది?"

ఆడపువ్వు ఒక్కటే విచ్చుకుని ఉంది. ఎండెక్కితే అదీ ముడుచుకుపోతుందట. మగపువ్వు కోసం పక్కింటి బావ పాదు దగ్గరికి పరిగెత్తాను.

"ఏటి బావా, పొద్దున్నే పెళ్ళికొడుకుని ఎతుక్కుంటా వచ్చినావా? పువ్విస్తాను గానీ సగం కాయ నాది," అన్నాడు.

అమ్మాయి ఆ పువ్వు రేకులు తీసేసి, పసుపులాంటి పొడిని మెత్తగా అద్దింది. నా బంగారుతల్లి చదువు చూసి కళ్ళు చెమర్చాయి. కానీ పాదు నాది, నీళ్ళు పోసింది నేను, అద్దిన చెయ్యి మా అమ్మాయిది. ఒక్క పువ్వుకి సగం కాయంటే ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.