నాన్న పేరున చిన్నాన్న జబ్బు

టీ కప్పు నాన్న చేతిలోంచి జారి గచ్చు మీద పగిలింది. ఆయన దాన్ని చూసి ఏదో అనబోయాడు. నోట్లోంచి మాట రాలేదు, మాటలాంటి మూలుగు వచ్చింది. మూతి ఒక పక్కకి వాలిపోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వీధిలోకి పరిగెత్తి ఆటో పిలిచాను.

ఉతై దారిలో ఉన్న మా ఇంటి నుంచి కంపెనీ ఆసుపత్రి దాకా ఆయన కుడిచేయి నా ఒళ్ళోనే ఉంది. నేను ఎంత నొక్కినా అది తిరిగి నొక్కలేదు. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన చేయి అది. నాకు కోపం ముంచుకొచ్చింది. భయమేసినప్పుడల్లా నాకు ముందు కోపమే వస్తుంది. ఆటోవాడి మీద, స్పీడ్ బ్రేకర్ల మీద, ముక్కు చీదుతున్న అమ్మ మీద, అందరి మీదా అరిచాను.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మకి నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే ఉంటుంది. కానీ చకచకా పని చేసింది. షుగర్ చూసింది, బీపీ చూసింది, తలకి స్కాన్ తీయించింది. ఎన్నింటికి మొదలైందో అమ్మని ఒకసారి, నన్ను ఒకసారి విడివిడిగా అడిగింది. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డం పడిందట. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉందట. కొద్ది గంటల్లోపే పడాలి, ఆలస్యమైతే మాట, చేయి తిరిగి రాకపోవచ్చు అంది.

"టైమ్ పే ఆ గయే దీదీ," అని నా భుజం తట్టింది కూడా. నాన్నకి మాట లేకపోవడమేమిటి? రైల్లో ఎదురు బెర్తువాడితో దుర్గ్ స్టేషన్ దాటకుండానే చుట్టరికం కలిపే మనిషి. దేవుడు వేళకి చేర్చాడు అనుకున్నాను.

అప్పుడు ఆమె నాన్న మెడికల్ కార్డు నంబరు కంప్యూటర్లో కొట్టింది. పాత కాగితం ఫైళ్ళన్నీ ఈమధ్యే అందులోకి ఎక్కించారు. ఇదివరకు ఒక ఫైలు దొరకాలంటే సగం పూట పట్టేది, ఇప్పుడు తెర మీదికి వచ్చేసింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఇన్‌కో పహలే బ్రెయిన్ హెమరేజ్ హో చుకా హై. ఆప్‌నే బతాయా క్యోం నహీ?"

ముందే ఎందుకు చెప్పలేదంది. ఒకసారి మెదడులో నరం చిట్లి రక్తం కారిన మనిషికి ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదట. ఇస్తే మళ్ళీ చిట్లి ప్రాణం పోవచ్చట. నర్సు పక్కన పెట్టిన ట్రేని ఆమె చేత్తో వెనక్కి జరిపేసింది.

నేను నోరు తెరిచాను. అమ్మ నా మోచేతి పైన గిల్లింది. ఆ గిల్లుడు నాకు కొత్త కాదు. సరిగ్గా ఆ విషయానికే చిన్నప్పుడు ఒకసారి గిల్లింది.

అప్పుడు మేం మరోదాలో క్వార్టర్లో ఉండేవాళ్ళం. చిన్నాన్న శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి వచ్చి నందిని గనుల్లో కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఒకరోజు మా వంటింట్లోనే కూలబడిపోయాడు. అతనికి కార్డూ లేదు, కాణీ లేదు. అప్పట్లో కార్డంటే బుక్కే. నాన్న కౌంటర్లో తన మెడికల్ బుక్కు ఇచ్చి, రోగి పేరు దగ్గర తన పేరే చెప్పాడు. బుక్కులో ఫోటో ఉద్యోగంలో చేరినప్పటిది. అన్నదమ్ములిద్దరికీ అదే మొహం, అదే మీసం. మా వాళ్ళలో ఇది తప్పు కిందికి వచ్చేదే కాదు. ఊరి నుంచి వచ్చినవాళ్ళకి మంచం ఇచ్చినట్టే బుక్కు కూడా ఇచ్చేవారు.

దాంతో ఉద్యోగి ఆసుపత్రిలో ఉన్నట్టయింది కాబట్టి నాన్న డ్యూటీకి వెళ్ళడానికి లేదు. చిన్నాన్న వార్డులో ఉన్నన్నాళ్ళూ నాన్న ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడు. సాయంత్రం మఫ్లర్ చుట్టుకుని, రోగి తమ్ముణ్ణని చెప్పి వార్డుకి వచ్చేవాడు. నన్ను వార్డులోకి తీసుకెళ్ళేముందు అమ్మ గిల్లి మరీ చెప్పింది: "సిన్నాన్నా అనకే, నాన్నా అను." అన్నాను. నర్సు ముద్దుచేసి బిస్కట్ కూడా ఇచ్చింది. చిన్నాన్న బతికి ఊరికి వెళ్ళిపోయాడు. జబ్బు మాత్రం నాన్న పేరున ఇక్కడే ఉండిపోయింది.

అమ్మని గోడ పక్కకి లాక్కెళ్ళాను. "ఏమిటి నీ గిల్లుడు? చెప్పేద్దాం."

"సెప్పీసినాక కార్డు రద్దు సేసీస్తే?"

"కార్డు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?"

"కార్డు పోతే రేపు ఈ మనిషినే ఎక్కడికి అట్టుకెల్తావే? ఏటి పెట్టి వైద్దిం సేయిస్తావు?" అంది. స్కూలు టీచరు జీతంతో ఎన్నాళ్ళు ఈడ్చగలను? అమ్మ ప్రశ్న సరైనదే కాబట్టి నాకు ఇంకా మండింది.

మంచం మీంచి నాన్న మళ్ళీ ఏదో అనబోయాడు. మూలుగే వచ్చింది. అమ్మ అటు చూసింది. నన్ను పక్కకి తోసి తనే డాక్టరు ముందుకెళ్ళి నిలబడింది.

"బేటీ, వో బీమారీ ఇన్‌కా నహీ. మేరా దేవర్ కా. ఇన్‌కా నామ్ మే లిఖాయా. గల్తీ హమారా." వచ్చీరాని హిందీలో, చేతులు జోడించి, జబ్బు మరిదిదని, పేరే ఈయనదని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

డాక్టరమ్మ వాచీ చూసుకుని హిందీలోనే అంది: "మాతాజీ, మీరు చెప్పింది నమ్మి నేను ఇచ్చాక అది అబద్ధమైతే, ఈయన నా చేతుల్లో పోతాడు. ఆ మరిది ఎక్కడ?"

వీడియో కాల్ చేశాను. చిన్నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా వెనకాల తెల్లకోటు కనపడగానే సర్దుకున్నాడు. అప్పుడు మెదడులో రక్తం కారింది నీకే కదా అని అడిగాను.

"నాకేటమ్మా? నాకేటీ అవనేదు. ఆస్పత్రిలో ఉన్నది మీ నాన్నే గదా," అన్నాడు, తడుముకోకుండా.

ఎన్నేళ్ళయినా పాఠం మరిచిపోలేదు! నేను వార్డంతా వినబడేలా అరిచాను. "చిన్నాన్నా, నీ అన్న ఇక్కడ పోయేలా ఉన్నాడు. నిజం చెప్పు!" అతను తెల్లకోటు వంకే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. అమ్మ ఫోన్ లాక్కుంది.

"బాబూ, నాను సెప్పీసినాను. ఇంక నువ్వూ సెప్పీ."

చిన్నాన్న మొహం ముడుచుకుపోయింది. "నాకే వొదినా. అది నాకే. అన్నకి సూదెయ్యమను."

ఆ మాట నేను హిందీలో చెప్పగానే, అతన్ని రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు చాపమంది డాక్టరు. కుడిచేతి వేళ్ళు తెరుచుకున్నాయి. ఎడమవి సగంలో ముడుచుకునే ఉన్నాయి. ఎడమచేతి వేళ్ళు ఇక పూర్తిగా రావని పాత ఫైల్లో రాసి ఉందట. ఆమె తన వేలు నాన్న ఎడమచేతిలో పెట్టింది. నాన్న గట్టిగా పట్టుకున్నాడు. స్కాన్ ఫిల్ము మళ్ళీ బయటికి తీసి వెలుగులో చూసింది. "అంత రక్తం కారితే మచ్చైనా ఉండాలి. లేదేమిటా అని ఇందాకే అనుకున్నాను." పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పింది. ట్రేని మళ్ళీ ముందుకి జరిపింది.

ఇంజెక్షన్ ఎక్కుతుంటే అమ్మ అడిగింది, కార్డు పోతుందా అని.

"నేను నిజమే రాస్తాను మాతాజీ. ఆఫీసువాళ్ళు ఏం చేస్తారో నా చేతిలో లేదు." ఆమె నా వైపు తిరిగి అంది: "మీ చిన్నాన్న సంగతి ఆలోచించారా? అంత జబ్బు చేసినట్టు ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. అక్కడ ఎవరైనా తెలియక రక్తం పలచబడే మందు ఇచ్చేస్తే?"

ఇన్నేళ్ళలో మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. ప్రాణం కాపాడామని మురిసిపోయాం గానీ, ఆ ప్రాణానికి ఏం జబ్బు చేసిందో చెప్పే ఆధారం అతని దగ్గర్నుంచి లాగేసుకున్నామని తెలియలేదు.

మర్నాడు పొద్దున నాన్న కుడిచేతి వేళ్ళు కదిలాయి. డాక్టరమ్మ వచ్చి పేరడిగింది. నత్తిగా, ముక్కలు ముక్కలుగా, చెప్పాడు. అమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. డాక్టరమ్మ ఏ ఊరని అడిగింది. చెప్పాడు. ఫైలు సరిచేసే ముందు ఆయన నోట కూడా వినాలనుకుందేమో, మంచం మీదికి వంగి ఇంకోటి అడిగింది.

"బాబూజీ, పహలే కభీ బ్రెయిన్ హెమరేజ్ హువా థా?"

నాన్న ఆమె తెల్లకోటు వైపు చూశాడు. మా వైపు చూశాడు. ముందురోజు ఆ స్థితిలో మా మాటలు ఆయన తలకెక్కలేదు కాబోలు. పెదవులు కూడదీసుకున్నాడు.

"హా. ముఝే... హువా థా."

అన్ని మాటల్లోకీ, తనకే అయిందన్న ఆ మాటే స్పష్టంగా వచ్చింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ మంచం మీద కూర్చుని ఆయన చేయి పట్టుకుంది.

"సెప్పీసినామయ్యా. ఇంక దాయక్కర్నేదు."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"మరి తమ్ముడికి... ఆడికేటీ... అవదు గదా?" అన్నాడు.